కమాను పని కాగానే

ఆ ఉదయం సుబ్బరాయప్ప వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎండ ఎక్కకముందే భార్య నాగవేణమ్మతో తమ వ్యాగను కారులో ధర్మపురి నుంచి కడత్తూరు వెళ్ళాలి. వస్తున్నామని ముందే కబురు అందుకున్న అక్క సాకమ్మకు బొట్టు పెట్టి పిలవాలి. ఆమెను, ఆమె కొడుకు ఆంజనేయన్‌ను ఎక్కించుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికి తిరిగి రావాలి. ఆ రాత్రికి అక్క తన ఇంట్లో పడుకోవాలి. మర్నాడు తల్లీకొడుకులను బెంగుళూరు బస్సు ఎక్కించాలి. ఆంజనేయన్‌కు అక్కడ మిల్లులో పని దొరికింది. తల్లిని కూడా వెంట తీసుకుపోతున్నాడు. ఆమె మళ్ళీ ఈ వైపు ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు.

సాకమ్మ తమ్ముడి కొత్త ఇంట్లో ఇంతవరకు కాలు పెట్టలేదు. కొత్త ఇల్లంటే మరీ కొత్తది కాదు, గోడలకు రెండోసారి సున్నం కూడా పడింది. తల్లి పోయిన తర్వాత సుబ్బరాయప్పను పెంచింది ఆ అక్కే. వాగు దాటి బడికి పోనని మొండికేస్తే చంకనేసుకుని దాటించేది. అటువంటి అక్కను గృహప్రవేశానికి పిలవడానికి సుబ్బరాయప్ప, బట్టల అంగడిలో తీరిక లేక, సంతకు పోయే బండివాడితో కబురు పంపాడు. పాలు పొంగించవలసిన ఆడపడుచు రాలేదు. బండివాడు మాత్రం ఆమె మాటను ఒక్క అక్షరం పోకుండా మోసుకొచ్చాడు. "బొట్టు కూడా నువ్వే పెడతావా నాయనా అని అడిగింది సామీ," అన్నాడు.

తప్పు తెలిసింది. తెలిసిన మర్నాడే బస్సెక్కి వెళ్ళి బొట్టు పెట్టి ఉంటే ఈ కథ లేదు. కానీ సుబ్బరాయప్ప ఆ తప్పును ఊరికే దిద్దుకుంటే చాలదనుకున్నాడు, ఘనంగా దిద్దుకోవాలనుకున్నాడు. అక్కను సొంత బండిలో, వెనుక సీటులో, ఊరంతా చూస్తుండగా తీసుకురావాలని నిర్ణయించాడు. అందుకని వ్యాగను కొన్నాడు.

అది ఏర్కాడు కొండమీద ఒక కాఫీ తోట దొరది. పక్కలకు చెక్క పలకలు, లోపల ఒక చిన్న పెళ్ళి బృందం పట్టేంత చోటు. యుద్ధకాలంలో పెట్రోలు దొరకక దొర దాని వెనుక బొగ్గు గ్యాసు డ్రమ్ము తగిలించి నడిపాడు. ఆ ఇనుప డ్రమ్మును, దాని బొగ్గు మూటలను ఏళ్ళ తరబడి మోసి, వెనుక ఇరుసుకు స్ప్రింగులాగా ఉండే కమాను పట్టీలు వంపు పోగొట్టుకుని చదునుగా పడిపోయాయి. యుద్ధం ముగిసింది. డ్రమ్మును విప్పేశారు. దొర సీమకు వెళ్ళిపోయాడు. కమానులకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. బండి ఎప్పుడు చూసినా కూర్చున్న కుక్కలాగా వెనుక భాగం నేలకు దించి, మూతి పైకెత్తి ఉండేది. ఏ కాస్త గతుకు వచ్చినా ఇరుసు వచ్చి అడుగు చట్రానికి ఢబ్బున కొట్టుకునేది. ఆ దెబ్బ కూర్చున్నవాళ్ళ నడుము గుండా పాకి పళ్ళల్లో తేలేది.

అక్కను ఇలాంటి బండిలో ఎలా ఎక్కించడం? సుబ్బరాయప్ప తనకు తోచిన వైద్యాలన్నీ చేశాడు. చక్రాలలో గాలి ఎక్కువ కొట్టించాడు. ఇరుసుకూ చట్రానికీ మధ్య చింతమొద్దు ఇరికించాడు. దానితో కుంగడం ఆగింది గానీ, బండికి కమాను అనేదే లేకుండా పోయి, సంతకు పోయే ఎడ్లబండి దీనికంటే సుఖమని నాగవేణమ్మ తేల్చింది. వానలు తగ్గాక వస్తానని, వేరుశనగ ఒబ్బిడి అయ్యాక వస్తానని, చివరికి "కమాను పని కాగానే వస్తాను" అని అక్కకు కబుర్లు వెళుతూనే ఉన్నాయి. వాటిని మోసింది కూడా ఆ బండివాడే.

"ఎవురు రా ఆ కమాను? వానికి ఒళ్ళు బాగుంటేనే నా తమ్ముడు వస్తాడంటనే," అని సాకమ్మ అడిగిందట.

చివరికి ఆంజనేయన్ ఉద్యోగం సంగతి తెలిశాక సుబ్బరాయప్పకు చెమట పట్టింది. వ్యాగనును సోగత్తూరులో కమ్మరి ఎల్లప్పన్ కొలిమి ముందుకు తోలుకుపోయాడు. ఎల్లప్పన్ పట్టీలన్నీ విప్పి, కాల్చి, కొట్టి వంపు తెచ్చి, మూలపడిన జట్కాబండి పట్టీ ఒకటి అదనంగా చేర్చి బిగించాడు. వ్యాగను వెనుక భాగం లేచి నిలబడింది. అంత ఎత్తుగా దాన్ని ఎన్నడూ చూడని సుబ్బరాయప్ప చుట్టూ తిరిగి చూసి, తలపాగా సర్దుకున్నాడు.

"ఇంక పరవాలేదు కదా?" అన్నాడు.

"పరవాలేదు. కానీ పట్టీలు ఒకదానిమీద ఒకటి కుదురుకోవాల. కొన్నాళ్ళు బరువు వెయ్యొద్దు," అన్నాడు ఎల్లప్పన్.

"ఎంత బరువు?"

"మనుషులు పోవచ్చు. మూటలు వద్దు."

సుబ్బరాయప్ప ఈ మాటను గురువు చెవిలో చెప్పిన మంత్రంలాగా తీసుకున్నాడు. అందుకే బయలుదేరే ముందు వీధిలో నిలబడి బండిలోంచి ఒక్కొక్క వస్తువే దించసాగాడు. నీళ్ళ కూజా దిగింది. దిండు దిగింది. అక్క కోసం నాగవేణమ్మ చేసిన అరిసెల డబ్బా దిగబోతుంటే ఆమె పట్టుకుంది.

"ఆడబిడ్డ ఇంటికి వట్టి చేతులతో పోయేదా?"

"ఆకూ వక్కా, పూలు, కుంకుమ, ఒక అత్తం అరటిపండ్లు. చాలు. అరిసెలు ఆమె ఈడికి వచ్చి తింటుంది."

"నేను కూడా దిగేదా? నేను గూడా బరువే కదా."

సుబ్బరాయప్ప ఒక క్షణం నిజంగానే ఆలోచించాడు. అది ఆమె చూసింది. ఇంటికి తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుని, ముందు సీటులో ఎక్కి కూర్చుంది. పిలుపుకు భార్యాభర్తలు ఇద్దరూ వెళ్ళాలి. ముత్తైదువ బొట్టు పెట్టకపోతే అది పిలుపే కాదు. కమాను విరిగినా సరే, ఆమెను వదిలి వెళ్ళడానికి వీలులేదు.

అదియమాన్‌కోట్టై మీదుగా వెళితే కొంచెం చుట్టు, కానీ రోడ్డు మేలు. కొత్త కమాను కోసం సుబ్బరాయప్ప ఆ దారే పట్టాడు. ఆ దారిలో మేలైన రోడ్డు ఒక్కటే కాదు, చుట్టాలు కూడా ఉన్నారని అతనికి అప్పుడు తట్టలేదు. నాగవేణమ్మ చిన్నాయన చిక్కణ్ణ రోడ్డు పక్కనే పళ్ళుతోముకుంటూ నిలబడి ఉన్నాడు. వేపపుల్ల అడ్డం పెట్టి బండి ఆపాడు.

"కూతురు గడప ముందర నుంచి పోతా ఉంటే చూస్తా నిలబడేదా అల్లుడా? దిగండి."

"మామా, అక్కను పిలుచుకొని రావాల. తిరిగి వచ్చేటప్పుడు కండిప్పుగా, తప్పకుండా దిగుతాము."

"దిగినప్పుడు దిగుదువు. ఇప్పుడు దిగు."

పుట్టింటి ఆడపిల్ల వాకిట్లోకి వస్తే ఒడి నింపకుండా పంపకూడదు. చిక్కణ్ణ భార్య సరసమ్మ చాప పరిచి, నాగవేణమ్మను కూర్చోబెట్టి, ఆమె కొంగులో బియ్యం, కొబ్బరికాయలు, బెల్లం, రవికగుడ్డ పెట్టింది. సరసమ్మ చేతులు పెద్దవి, మనసు అంతకంటే పెద్దది. కొంగు చాలక ఆ బియ్యాన్ని చివరికి గోనెసంచిలోకి మార్చవలసి వచ్చింది. ఈలోగా చిక్కణ్ణ వ్యాగను వెనుక తలుపు తీసి తొంగిచూశాడు. లోపల అరటి అత్తం ఒక్కటే పడి ఉంది.

"ఇంత బండి పెట్టుకొని ఖాళీగా పోతా ఉండావే. మీ అక్క ఏమనుకుంటుంది మమ్మల్ని?" అని, వద్దనేలోపల ఒక వేరుశనగ మూటను లోపలికి దొర్లించాడు.

సుబ్బరాయప్ప వెనక్కి వెళ్ళి, చక్రానికీ దానిపై రేకుకూ మధ్య చెయ్యి పెట్టి చూశాడు. పొద్దున చెయ్యి సులభంగా దూరిన చోట ఇప్పుడు వేళ్ళు ఒరుసుకున్నాయి. ఎల్లప్పన్ ముఖం కళ్ళ ముందు కదిలింది.

బండి ఊరు దాటాక అతనికి ఒక ఉపాయం తోచింది. ఒడి బియ్యాన్ని ముట్టుకోవడానికి లేదు, అది భార్య సౌభాగ్యం. కానీ వేరుశనగ మూట దారిలో ఎవరికైనా ఇచ్చేయవచ్చు. ఇచ్చినవాడికి పుణ్యం, కమానుకు ప్రాణం.

"అట్లా ఇచ్చేస్తే బరువు తగ్గుతుందా?" అంది నాగవేణమ్మ.

"మూట దిగితే బరువు తగ్గదా?"

ఆమె నడుముకున్న తాళంచెవి సర్దుకుని దారి వైపు తిరిగింది. ఇరవై ఏళ్ళ కాపురంలో, భర్త లెక్క తప్పుతున్నప్పుడు పూర్తిగా తప్పనివ్వడమే త్వరగా ముగిసే దారి అని ఆమె కనిపెట్టింది.

కొంత దూరంలో పచ్చయమ్మాళ్ గుడిసె. సుబ్బరాయప్ప వాళ్ళ పొలంలో ఒకప్పుడు కలుపు తీసి, ఇప్పుడు మేకలు మేపుకుంటున్న ముసలామె. సుబ్బరాయప్ప బండి ఆపి, మూటను తానే దించి ఆమె వాకిట్లో పెట్టాడు. "నీకే, ఉంచుకో," అన్నాడు. పచ్చయమ్మాళ్ కాసేపు మూటను, కాసేపు అతన్ని చూసింది. తర్వాత గుడిసె చూరు మీదికి చెయ్యి చాచి గుమ్మడికాయలు కోయసాగింది.

"ఏమి చేస్తా ఉండావు?"

"చిన్న సామి నా వాకిలికి వచ్చి ఇంత ఇచ్చి, వట్టి చేతులతో పోతే నాకు అన్నం దిగుతుందా?"

గుమ్మడికాయల తర్వాత ఒక రాగుల మూట వచ్చింది. దాని తర్వాత, కాళ్ళు కట్టిన పెట్టకోడి వచ్చింది. సుబ్బరాయప్ప ఎంత వద్దంటే ఆమెకు అంత తక్కువ ఇచ్చినట్టు తోచింది. చివరికి వద్దనడం మానేసి బండెక్కాడు. వెనుక నుంచి ఢబ్బుమని శబ్దం వచ్చింది. చాలాకాలం తర్వాత వినపడిన ఆ శబ్దానికి అతని గుండె కూడా ఢబ్బుమంది.

"గుమ్మడికాయలు ఎవురికైనా ఇచ్చేద్దామా?" అని నాగవేణమ్మ అమాయకంగా అడిగింది.

అతను ఆ మాటలోని రుచి గమనించలేదు. పైగా అది మంచి ఆలోచన అనుకున్నాడు. ఆ పై ఊరి మొదట్లోనే పందిరి కనపడింది. అంగడికి పాత ఖాతాదారు జయరామన్ తన మనవరాలికి చెవులు కుట్టిస్తున్నాడు. విందు ఇంటికి గుమ్మడికాయలు ఎంత ఉపయోగమో వేరే చెప్పాలా? సుబ్బరాయప్ప వాటిని తానే మోసుకుపోయి వంటవాళ్ళ ముందు పెట్టి, వెంటనే వెనక్కి తిరిగాడు. జయరామన్ అతని ఉత్తరీయం పట్టుకున్నాడు.

"పిలవని శుభానికి ఇంత సీరు తెచ్చి, ఎంగిలి పడకుండా పోతావా? నా మనవరాలి చెవులకు మంచిదా అది?"

మనవరాలి చెవుల క్షేమం కోసం భార్యాభర్తలు ఆకుల ముందు కూర్చున్నారు. బంతి మొదలు కావడానికి ఇంకా పెరుగు రావాలి. పెరుగు వచ్చాక బంగారుపని ఆయన రావాలి. పాప ఏడుపు ఆగాలి. ఎండ నడినెత్తికి వచ్చేదాకా సుబ్బరాయప్ప పాయసం తింటూ వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. తిన్నది కూడా చివరికి బండిలోనే కూర్చుంటుందనే సంగతి అతనికి రెండో గరిటె దగ్గర గుర్తొచ్చింది. అప్పటికి మూడోది పడింది. వెళ్ళేటప్పుడు, కానుకగా సీరు తెచ్చినవాళ్ళకు తాంబూలంతో పాటు మర్యాదగా ఒక సంచి కొబ్బరికాయలు బండిలోకి చేరాయి. వాళ్ళు విందులో ఉండగా కోడి గుడ్డు పెట్టింది. ఆ రోజు బరువు దించుకున్న ప్రాణి అదొక్కటే, అదీ బండిలోనే దించింది.

కడత్తూరు చేరేసరికి వ్యాగను మళ్ళీ కూర్చున్న కుక్క అయింది. సాకమ్మ ఇంటి తలుపుకు తాళం వేలాడుతోంది. పక్క ఇంటి అరుగు మీద పడుకున్న కాటప్ప లేచి కూర్చున్నాడు. కాటప్ప మంచి దిట్టమైన మనిషి, లేవడానికి కాస్త సమయం పట్టింది.

"ఇప్పుడా వచ్చేది? పొద్దున నుంచి కొత్త చీర కట్టుకొని ఇదే అరుగు మీద కూర్చుని ఉండె మీ అక్క. బండి శబ్దం అయితే చాలు, లేచి చూసేది. రెండు బండ్లు పోయినాయి, రెండూ ఉలవలవి."

"యాడికి పోయింది ఇప్పుడు?"

"మీ ఇంటికే."

సుబ్బరాయప్పకు అర్థం కాలేదు. కాటప్ప విడమర్చి చెప్పాడు. మిల్లు నుంచి మనిషి వచ్చి, ఆంజనేయన్ రేపు పొద్దునకే పనిలో ఉండాలన్నాడట. అంటే ఈ సాయంత్రమే ధర్మపురిలో బెంగుళూరు బస్సు పట్టుకోవాలి. సాకమ్మ మధ్యాహ్నం దాకా చూసింది. "కమానుకు మళ్ళీ ఒళ్ళు బాగలేదేమో," అంది. తర్వాత లేచి, "పిలవకపోతే ఏమి, పోయేది నా తమ్ముని ఇంటికే కదా," అని కొడుకును తీసుకుని బస్సెక్కింది.

రెండేళ్ళు బొట్టు కోసం పట్టుబట్టిన మనిషి, పట్టు విడిచి ఆ ఇంటికి వెళ్ళింది. ఆ ఇంటికి తాళం వేసి ఉంది. తాళంచెవి కడత్తూరులో, నాగవేణమ్మ నడుముకు ఉంది. సుబ్బరాయప్ప కాసేపు తాళంచెవి వైపు, కాసేపు సాకమ్మ ఇంటి తాళం వైపు చూశాడు. తర్వాత ఒక్క ఉదుటున బండి దగ్గరికి పరిగెత్తి మూటలు దించడం మొదలుపెట్టాడు.

"ఇవన్నీ నీ అరుగు మీద పెడతా ఉండాను కాటప్పా. నీకే. ఉంచుకో, వండుకో, పారబోసుకో. నేను సీక్రం పోవాల."

లోపలి నుంచి కాటప్ప భార్య పరుగున వచ్చింది. "అయ్యయ్యో, సాకమ్మక్కకని తెచ్చిన సరుకు మేము దించుకుంటే ఊరు ఏమంటుంది? ఆమె అట్లా బస్సు ఎక్కింది, వీళ్ళు ఇట్లా మూటలు దించుకున్నారు అనదా?" అంది. దించిన మూటలు దించినట్టే తిరిగి ఎక్కాయి. వాటి మీద, సాకమ్మక్క బెంగుళూరులో తినడానికని ఒక జాడీ మాగాయ కూడా ఎక్కింది. చివరగా కాటప్ప ఎక్కాడు.

"నువ్వెందుకు?"

"నువ్వు వచ్చినావని ఆమెకు ఎవురు చెప్పేది? నీ మాట నమ్ముతుందా? సాక్షి ఉండాల."

వాదించడానికి సమయం లేదు. వాదించి కాటప్పను దించడానికి పట్టే సమయంలో ధర్మపురికి సగం దారి పోవచ్చు. ఇన్నాళ్ళూ గతుకు కనపడితే బండిని పసిపిల్లలాగా దాటించిన సుబ్బరాయప్ప, ఆ మధ్యాహ్నం గతుకులను చూడడం మానేశాడు. ఢబ్ అన్నప్పుడల్లా కోడి అరిచింది. కొబ్బరికాయలు వెనుక ఆ పక్కకూ ఈ పక్కకూ దొర్లాయి. జాడీ ఒడిలో పెట్టుకున్న కాటప్ప, "నిదానం, నిదానం," అని జాడీకి ధైర్యం చెబుతూ వచ్చాడు. అదియమాన్‌కోట్టై పొలిమేరలో ఒక కల్వర్టు దగ్గర పెద్ద గొయ్యి ఉంది. ఉదయం దాన్ని దాటడానికి సుబ్బరాయప్ప బండి దిగి చూసి మరీ దాటించాడు. ఈసారి దిగలేదు. ఢబ్ అనవలసిన చోట ఠంగుమని వినపడింది. ప్రధానమైన పట్టీ రెండు ముక్కలైంది. వ్యాగను ఒక పక్కకు ఒరిగి, చక్రం రేకుకు ఆనుకుని, ఇక కదలనంది.

శబ్దానికి చిక్కణ్ణ వచ్చాడు. జరిగింది విన్నాడు. అతను మంచివాడు కాబట్టి పొద్దున మూట సంగతి ఎత్తలేదు, బండిలో ఆ మూట కనపడకపోవడం మాత్రం గమనించాడు. ఇంటికి పోయి తన సైకిలు తెచ్చాడు. దాని వెనుక ఒక సంచి కట్టబోయాడు.

"ఖాళీగా పోవద్దు అల్లుడా, బెంగుళూరు పోయే ఆడమనిషికి..."

"మామా, నీ కాళ్ళకు మొక్కుతాను," అన్నాడు సుబ్బరాయప్ప. మామూలుగా చెప్పే మాట కాదని చిక్కణ్ణకు అర్థమై, సంచి కింద పెట్టాడు.

నాగవేణమ్మ ఒడి బియ్యం సంచి పక్కన కల్వర్టు మీద కూర్చుంది. కాటప్ప జాడీతో ఆమెకు కాపలా కూర్చున్నాడు. సుబ్బరాయప్ప పంచె ఎగగట్టి సైకిలు తొక్కాడు. చిన్నప్పటి తర్వాత తొక్కలేదు. అయినా కాళ్ళు మరిచిపోలేదు. చల్లగాలికి దారి తొందరగానే తరిగింది. తను ఎంత వేగంగా పోతున్నాడో చూసి అతనే ఆశ్చర్యపోయాడు. ఆశ్చర్యం వెనుకనే ఇంకొక ఆలోచన వస్తున్నట్టనిపించింది. దాన్ని అందుకోనివ్వకుండా ఇంకా గట్టిగా తొక్కాడు.

ఇంటి అరుగు మీద ఎవరూ లేరు. ఎదురింటి ఆమె, "ఇప్పుడే పోయిరి, బస్సుకు," అంది. బస్‌స్టాండులో బెంగుళూరు బస్సు నిండిపోయి, ఇంజను గుర్రుమంటూ నిలబడి ఉంది. పైన మూటలు, మంచాలు, ఒక కుట్టుమిషను. కిటికీ పక్కన కొత్త చీరలో సాకమ్మ కనపడింది.

"అక్కా," అన్నాడు. ఇంకేమీ రాలేదు, ఆయాసం.

సాకమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "ఏమి రా ఇది? బండి ఏది?"

"విరిగింది అక్కా. నిన్ను పిలుచుకొని రావాలని కడత్తూరుకే పోయినాము. కాటప్ప సాక్షి. నాగవేణి గూడా బొట్టు పట్టుకొని..."

"నీ పెండ్లాము యాడ?"

"కల్వర్టు మీద."

సాకమ్మ అర్థమైనట్టు తల ఊపింది. ఆ ఇంటి సంగతులు ఆమెకు తెలుసు.

"దిగు అక్కా. ఒక్క గడియ ఇంటికి వచ్చి పో. బస్సును నేను ఆపుతాను," అన్నాడు. అన్న తర్వాత తాళంచెవి గుర్తొచ్చింది. అతని ముఖం చూసి ఆమెకు కూడా అర్థమైంది.

"చూసినాను లే ఇల్లు. కిటికీలో నుంచి చూసినాను. నడవ బాగుంది. ఊయల మంచి కొయ్య. వంటిల్లు మాత్రం కనపడలేదు." అతని ఎగగట్టిన పంచె వైపు చూసింది. "ఎట్లా వచ్చినావు ఇప్పుడు?"

"సైకిల్లో."

"ఎవురిది?"

"మామది. అడిగితే ఇచ్చినాడు."

సాకమ్మ ఆ సైకిలును చాలాసేపు చూసింది. సుబ్బరాయప్పకు దారిలో తను దాటుకుని వచ్చిన ఆలోచన, బస్‌స్టాండులో నిలబడి ఉండగా తీరికగా వచ్చి పక్కన నిలబడింది.

"అడిగితే ఇచ్చినాడా," అందామె. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే అతనికి సులువుగా ఉండేది. "నేను నిన్ను రమ్మంటిని గానీ, బండిని రమ్మంటినా రా? ఆ సైకిల్లో ముందే వచ్చి ఉంటే, నీ వెనుక కూర్చొని రానా నేను? చంకలో కూర్చొని నువ్వు రాలేదా?"

ఆంజనేయన్ తల తిప్పుకుని అటువైపు కిటికీలోంచి చూడసాగాడు. కండక్టరు ఈలేశాడు. సాకమ్మ కిటికీలోంచి చెయ్యి చాచి తమ్ముడి నుదుటి మీది చెమటను తన కొత్త చీర చెంగుతో తుడిచింది.

"వంటిల్లు ఎట్లా ఉందో జాబు రాయి," అంది. "బండివానితో పంపొద్దు."

బస్సు కదిలింది. గతుకుల మీదుగా బెంగుళూరు రోడ్డు ఎక్కింది. సుబ్బరాయప్ప సైకిలు పట్టుకుని, అది కనపడుతున్నంతసేపు చూస్తూ నిలబడ్డాడు.

అంతమంది మనుషులు, అన్ని మూటలు, ఒక కుట్టుమిషను ఎక్కినా దాని వెనుక కమాను ఏమాత్రం కుంగలేదు.